గట్టు దగ్గర ఆగిపోయిన రోడ్డు



గుంటూరులో మాట్లాడుతున్నాను కాబట్టి గుంటూరు అడ్రసుతోనే మొదలుపెడతాను. బ్రాడీపేటలో ఎవరినైనా మీ ఇల్లెక్కడండీ అని అడిగితే ‘నాలుగు బై పద్నాలుగు’ అంటారు. నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. ఊరికి కొత్తగా వచ్చినవాడైనా ఆ రెండంకెలు చాలు, ఎవరినీ అడక్కుండా గుమ్మం ముందు దిగుతాడు. పక్కనున్న అరండల్‌పేటదీ ఇదే పద్ధతి. దొరల పేర్లు పెట్టుకున్న ఈ రెండు పేటల్లో ఇళ్ళు ఎన్నిసార్లు మారాయో చెప్పలేం. పెంకుటిళ్ళు పోయి డాబాలు వచ్చాయి, డాబాలు పోయి అపార్టుమెంట్లు వచ్చాయి, అపార్టుమెంట్లలోకి ఆసుపత్రులూ కోచింగ్ సెంటర్లూ వచ్చాయి. లైన్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఇదే ఊళ్ళో ఏ దిక్కుకైనా సరే శివార్లకు వెళ్ళి అడ్రసు అడగండి. ఫలానా స్కూలు దాటాక ఎడమకు తిరగాలి, వాటర్ ట్యాంకు దగ్గర కుడివైపు వెంచర్‌లోకి రావాలి, చివరిదాకా వస్తే గోడ ఉంటుంది, గోడ పక్క ఇల్లు. ఇంత చెప్పి కూడా నమ్మకం లేక ‘లొకేషన్ పంపిస్తాలెండి’ అంటారు. ఆ మొదటి పద్ధతి నుంచి ఈ రెండో పద్ధతికి ఊళ్ళు ఎలా జారాయన్నదే ఈరోజు నా విషయం. పట్టణం విచ్చలవిడిగా పెరిగిందంటే మనం సాధారణంగా దూరం గురించే మాట్లాడతాం. ఊరు ఎంత దూరం పాకిందీ, ఎన్ని పొలాలు మింగిందీ అని. నా ఉద్దేశంలో అంతకన్నా పెద్ద సంగతి, కొత్త వీధులు ఒకదానితో ఒకటి కలుస్తున్నాయా లేదా అన్నది.

ఎవరి పేరున ఈ సభ జరుపుకుంటున్నామో ఆ మాస్టారి దగ్గర నాలాగే సర్వే నేర్చుకున్నవాళ్ళు ఇక్కడ చాలామందే ఉన్నారు. గొలుసు పట్టి కొలవడం, ఆఫ్‌సెట్లు రాయడం అందరు మాస్టార్లూ నేర్పుతారు. ఈయన ఇంకొక పని కూడా చేయించేవారు. పటం పూర్తయ్యాక ప్రతి వీధి మూల దగ్గరా అక్కడ ఎన్ని దారులు కలుస్తున్నాయో పెన్సిలుతో అంకె వేయమనేవారు. మూసుకుపోయిన సందు చివర ఒకటి, మూడు దారుల మొగ దగ్గర మూడు, నాలుగు రోడ్ల కూడలిలో నాలుగు. మార్కులకు ఏ సంబంధమూ లేని ఆ పని ఎందుకో మాకు అప్పట్లో అర్థమయ్యేది కాదు.

ఈ అంకెల సగటునే ఇవాళ ప్రపంచమంతటా నగరాలను పోల్చే కొలతల్లో ఒకటిగా వాడుతున్నారు. సగటు నాలుగుకు దగ్గరైతే ఊరు గళ్ళు గళ్ళుగా ఉన్నట్టు. మూసుకుపోయిన సందులు పెరిగేకొద్దీ సగటు పడిపోతుంది, ఊరు చెట్టులా మారుతుంది: కాండంలాంటి ఒక పెద్ద రోడ్డు, దానికి కొమ్మలు, కొమ్మలకు రెమ్మలు, రెమ్మ చివర ఇల్లు. చెట్టులో ఒక ఆకు నుంచి పక్క కొమ్మ మీది ఆకుకు పోవాలంటే కాండందాకా దిగి మళ్ళీ ఎక్కాల్సిందే.

లెక్క చూడండి. బ్రాడీపేటలాంటి పేటలో మూడు లైన్లు అటు, మూడు అడ్డరోడ్లు ఇటు దాటి వెళ్ళాలనుకుందాం. వెనక్కి తిరగకుండా, చుట్టు తిరగకుండా వెళ్ళే దారులు 20. దూరమంతా ఒకటే, దారులు మాత్రం ఇరవై. చెట్టులాంటి కాలనీలో అదే ఇంటికి దారి ఒక్కటే. ఈ తేడా ఎప్పుడు తెలుస్తుందంటే, మన ఊళ్ళలో రోడ్డుకు అడ్డంగా పెళ్ళి షామియానా వేసినప్పుడు, వినాయకుడి పందిరి వేసినప్పుడు, మంచినీళ్ళ పైపు కోసం తవ్వి పది రోజులు వదిలేసినప్పుడు. గళ్ళ పేటలో తిట్టుకుంటూ పక్క లైనులోంచి పోతాం. ఒక్కదారి కాలనీలో అంబులెన్సు కూడా షామియానా బయటే ఆగిపోతుంది.

ఈ కొలతను కాలంతోపాటు వెనక్కి తీసుకెళ్ళిన పని ఒకటి 2015లో అమెరికాలో వచ్చింది. క్రిస్టఫర్ బారింగ్టన్-లీ, ఆడమ్ మిలార్డ్-బాల్ అనే ఇద్దరు పరిశోధకులు 1920 నుంచి 2012 వరకు ఆ దేశంలో వేసిన వీధుల కలయికను లెక్కగట్టారు. వీధులకు పుట్టినతేదీ ఎక్కడ దొరుకుతుంది? ఇళ్ళకు దొరుకుతుంది. అక్కడి కౌంటీల పన్ను రికార్డుల్లో ఏ ఇల్లు ఏ ఏడాది కట్టారో రాసి ఉంటుంది. ఇళ్ళ వయసును బట్టి వీధి వయసు పట్టుకున్నారు. పన్ను గుమాస్తాల రాతల్లోంచి ఒక దేశపు వీధుల చరిత్ర బయటికి లాగడం నాకు చాలా నచ్చింది.

వాళ్ళకు తేలిందేమిటంటే, వీధులు విడిపోవడం కార్లు ఇంటింటికీ రాకముందే మొదలైంది. తరువాత దశాబ్దం మీద దశాబ్దం పెరుగుతూ పోయి, 1994 ప్రాంతంలో పతాక స్థాయికి చేరింది. అక్కడినుంచి వెనక్కి తిరిగింది. 1994కూ 2012కూ మధ్య వేసిన కొత్త వీధుల్లో, నేను ఇందాక చెప్పిన మూలల సగటు దాదాపు 9 శాతం మెరుగుపడింది.

అమెరికాకు ఈ జబ్బు ఎలా పట్టిందో కాస్త చెప్పాలి, ఎందుకంటే మనకూ అదే జబ్బు పట్టింది, వచ్చిన దారి మాత్రం వేరు. నిజానికి గళ్ళ పద్ధతిని చాలా విస్తారంగా వాడిన దేశం అది. ఫిలడెల్ఫియాను 1682లో అలా గీశారు, న్యూయార్క్ మాన్‌హట్టన్‌కు 1811లో గళ్ళ ప్లాను వేశారు. 1785 చట్టం ప్రకారం పడమటి భూములను చాలావరకు చతురస్రాలుగానే కొలిచారు. దానికి విరుగుడు ఆలోచన ఇంగ్లండు నుంచి వచ్చింది. అక్కడ మూసుకుపోయే సందులు వేయడానికి నిబంధనలు ఒప్పుకునేవి కావు. గాలీ వెలుతురూ లేని మురికివాడలను చూసి పెట్టుకున్న నిబంధనలవి. లండన్ పక్కన హాంప్‌స్టెడ్ గార్డెన్ సబర్బ్ కోసం 1906లో ప్రత్యేకంగా పార్లమెంటు చట్టమే చేయించుకుని రేమండ్ అన్విన్ అక్కడ మూసిన వీధులు వేశాడు. అందంగా వచ్చాయి, కాదనను. 1929లో న్యూజెర్సీలోని రాడ్‌బర్న్‌లో క్లారెన్స్ స్టైన్, హెన్రీ రైట్ ఇంకో అడుగు వేశారు. కార్ల కాలానికి తగిన ఊరు అన్నారు దాన్ని. కార్లు సందు చివరిదాకా వచ్చి ఆగిపోతాయి. మనుషులకు మాత్రం ఇళ్ళ వెనక పచ్చని తోటల మధ్య వేరే కాలిబాటలు, పెద్ద రోడ్డు కింద నుంచి దాటే దారి. పిల్లవాడు ఒక్క కారు ఎదురుపడకుండా బడికి వెళ్ళి రావచ్చు.

ఆ తరువాత జరిగింది అసలు కథ. ఇళ్ళ రుణాలకు హామీ ఇచ్చే ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ 1934లో ఏర్పడింది. 1936 నుంచి అది చిన్న పుస్తకాలు అచ్చేసి పంచింది. గళ్ళ వీధులు పాత పద్ధతి, వంపుల వీధులూ మూసిన సందులూ మంచి పద్ధతి అని వాటి సారాంశం. చట్టమేమీ కాదు. కానీ హామీ లేనిదే రుణం రాదు, రుణం లేనిదే ఇల్లు అమ్ముడుపోదు. బిల్డర్లంతా ఆ పుస్తకాల్లో బొమ్మలు చూసి వీధులు గీశారు. గీసేటప్పుడు రాడ్‌బర్న్‌లోని మూసిన సందును తీసుకున్నారు, కాలిబాటను వదిలేశారు. కాలిబాట వేయాలంటే స్థలం పోతుంది, డబ్బు పోతుంది, దాన్ని అడిగే కొనుగోలుదారుడు లేడు. ఇరవయ్యో శతాబ్దపు పట్టణ నిర్మాణంలో ఇంత ఖరీదైన సగం కాపీ మరొకటి ఉందని నేననుకోను.

దాని ఫలితం మన తెలుగువాళ్ళకు బాగానే తెలుసు. టెక్సాస్‌లో ఫ్రిస్కోకో ఇర్వింగ్‌కో పిల్లల దగ్గరికి వెళ్ళి ఆరునెలలు ఉండివచ్చిన తల్లిదండ్రులను అడగండి. వంటింటి కిటికీలోంచి కొట్టు కనిపిస్తూనే ఉంటుంది. మధ్యలో ఒక కంచె. నడిచి వెళ్ళాలంటే కాలనీ అంతా చుట్టి, ఆరు వరుసల రోడ్డు మీదికి తేలాలి. అందుకని కొడుకో కోడలో ఆఫీసు నుంచి వచ్చి కారు తీసేదాకా కొత్తిమీర రాదు. అమెరికాలో కాళ్ళు కట్టేసినట్టు ఉందని మన పెద్దవాళ్ళు అంటే మనం వాళ్ళకు కారు నడపడం రాకపోవడం వల్ల అనుకుంటాం. వీధి గీసిన తీరు అది.

ఈ ధోరణిని వెనక్కి తిప్పడానికి అక్కడ చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది వర్జీనియా రాష్ట్రం 2009లో తెచ్చిన నిబంధన. మీ కాలనీలో మీకిష్టమొచ్చినట్టు వీధులు వేసుకోండి, వద్దనం. కానీ ఆ వీధులను ప్రభుత్వం స్వీకరించి మరమ్మతులు చేయాలంటే అవి పక్క వీధులతో కలవాలి, లేకపోతే జీవితాంతం మీరే బాగు చేసుకోండి అన్నారు. బిల్డర్ల నుంచి ఒత్తిడి వచ్చి తరువాత దాన్ని కొంత సడలించారు. అయినా ఆ తర్కం సరైనదని నా అభిప్రాయం.

ఇందాక చెప్పిన 2015 పరిశోధనలో అందరూ 9 శాతం గురించే మాట్లాడతారు. నన్ను నిద్రపోనివ్వనిది ఇంకో సంగతి. విడివిడి వీధులతో మొదలైన చోటు, ఊరు పెరిగినా విడివిడిగానే ఉండిపోతోంది. ఇల్లు కూల్చి కట్టుకోవచ్చు, వీధిని కదపలేం. ఎందుకంటే వీధికి అటూ ఇటూ ఎందరో యజమానులు, వాళ్ళ దస్తావేజులు. 1666లో లండన్ తగలబడిపోయింది. క్రిస్టఫర్ రెన్ తిన్నని వెడల్పైన వీధులతో కొత్త నగరాన్ని గీసి రాజుకు ఇచ్చాడు. బూడిద మీద కూడా ఆ వీధులు వేయలేకపోయారు. ఎవరి స్థలం వాళ్ళు అడిగారు, ఊరు చాలావరకు పాత గీతల మీదే లేచింది. హైదరాబాదును చూడండి. 1591లో చార్మినార్ దగ్గర నాలుగు దిక్కులకూ వేసిన నాలుగు దారులు ఇప్పటికీ అవే. కుతుబ్‌షాహీలు పోయారు, మొఘలులు వచ్చి పోయారు, నిజాములు పోయారు, 1908లో మూసీ పొంగి వేల ప్రాణాలు తీసింది, ఆ నాలుగు దారుల కూడలి అలాగే ఉంది.

2020లో అదే ఇద్దరు పరిశోధకులు ప్రపంచమంతటికీ ఈ కొలత వేశారు. దక్షిణ అమెరికాలో చాలా దేశాలు, జపాను, దక్షిణ కొరియా ఇప్పటికీ కలిసిన వీధులు వేస్తున్నాయి. ఆగ్నేయాసియాలో విడిపోయే వీధులు బాగా పెరుగుతున్నాయి, గేట్ల కాలనీల పాత్ర అందులో పెద్దది. అమెరికా వదిలించుకోవాలని చూస్తున్నదాన్ని మిగతావాళ్ళు డబ్బిచ్చి కొనుక్కుంటున్నారన్నమాట.

ఇక మన సంగతి. మన ఊళ్ళకు ఫెడరల్ హౌసింగ్ పుస్తకాలు రాలేదు. మన వీధులను విడదీసింది పొలం గట్టు. రైతు దగ్గర పదెకరాలు కొన్నాయన ఆ పదెకరాలకే పటం గీస్తాడు. 30 అడుగుల రోడ్లు, 40 అడుగుల మెయిన్ రోడ్డు, పదోవంతు ఖాళీ స్థలం, చుట్టూ ప్రహరీ, ముందు ఆర్చి, ఆర్చి మీద ఏదో ఎన్‌క్లేవ్ అనో కౌంటీ అనో పేరు. లోపల చూస్తే గళ్ళే, చక్కగా ఉంటాయి. కానీ రోడ్డు సర్వే నంబరు గట్టు దగ్గర ఆగిపోతుంది. రెండేళ్ళకు పక్క పదెకరాలను ఇంకొకాయన కొంటాడు. ఆయన రోడ్డూ అవతలి నుంచి వచ్చి అదే గట్టు దగ్గర ఆగుతుంది. మధ్యలో ఒకే ఒక గోడ. అటు ఇంటివాళ్ళూ ఇటు ఇంటివాళ్ళూ కుక్కరు విజిళ్ళు వింటారు, ఒకరింటికొకరు పోవాలంటే మాత్రం రెండు ఆర్చీలు దాటి మెయిన్ రోడ్డు మీద బండి నడపాలి.

పూర్వం పొలాల మధ్య దారులు ఉండేవి కావా? ఉండేవి. మనం ఇక్కడ డొంక అంటాం, గోదావరి జిల్లాల్లో పుంత, తెలంగాణలో బండ్లబాట. గ్రామ పటంలో రెండు గీతల మధ్య స్పష్టంగా కనిపిస్తాయి, అవి ఎవరి సొంతమూ కావు. ఊరిని ఊరితో, చేనును చెరువుతో కలిపిన దారులవి. ఊరు పట్టణమయ్యేటప్పుడు వాటినే వెడల్పు చేస్తే పెద్ద రోడ్ల వల సగం సిద్ధంగా ఉండేది. చాలాచోట్ల వాటిని అటు కొంత ఇటు కొంత ప్లాట్లలో కలిపేసుకున్నారు.

హైదరాబాద్ చుట్టూ దశాబ్దాలపాటు గ్రామ పంచాయతీ లేఅవుట్లే ఊరిని పెంచాయి. మొత్తం పటం ఎవరి చేతిలోనూ లేదు. తెలంగాణ ప్రభుత్వం 2020లో లేఅవుట్ల క్రమబద్ధీకరణకు దరఖాస్తులు పిలిస్తే రాష్ట్రమంతా కలిపి దాదాపు 25 లక్షలు వచ్చాయి. ఆ అంకెను అందరూ ఆదాయంగా చూశారు. నాకందులో గట్టు దగ్గర ఆగిన రోడ్లు కనిపించాయి. క్రమబద్ధీకరిస్తే ప్లాటు కాగితం సరి అవుతుంది. మూసిన రోడ్డు తెరుచుకోదు.

ఆ తరువాత గేటెడ్ కమ్యూనిటీలు వచ్చాయి. నార్సింగి, కోకాపేట, తెల్లాపూర్ వైపు వెళితే ఒక్కొక్క గోడ పక్కన ఎంతసేపు నడిచినా మలుపు రాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన భవన నిబంధనల జీవో 168లో, పెద్ద స్థలంలో ఇళ్ళ సముదాయం కట్టేవాళ్ళు వెనక భూములకు దారిగా ఒక అంచున 9 మీటర్ల ప్రజా రోడ్డు వదలాలని ఉంది. మంచి షరతు. కానీ ఏ అంచున అన్నది ఎవరి వీలును బట్టి వాళ్ళది. ఇతను తూర్పున వదిలితే పక్కతను పడమర వదులుతాడు, రెండూ కలవవు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. విమానాశ్రయానికి పోయేవాళ్ళకు అది వరం. పక్క కాలనీలోని బడికి పోవాల్సిన పిల్లవాడికి అది ఎందుకూ పనికిరాదు.

ఉన్న కలయికలనూ పోగొట్టుకోగలం. సికింద్రాబాద్ కంటోన్మెంటులో జనం తరతరాలుగా నడిచిన రోడ్లను భద్రత పేరుతో మూసేస్తే ఎన్నేళ్ళు గొడవ నడిచిందో మీరు పేపర్లలో చదివే ఉంటారు. 2018 మేలో రక్షణ శాఖ దేశమంతటా కంటోన్మెంట్లలో మూసిన రోడ్లు తెరవమని చెప్పాల్సి వచ్చింది. 2020 ప్రాంతం నుంచి హైదరాబాద్‌లో లింకు రోడ్ల పేరుతో కాలనీలకూ పెద్ద రోడ్లకూ మధ్య తెగిపోయిన ముక్కలను అతకడం మొదలైంది. కొన్ని ముక్కలు చూడటానికి చాలా చిన్నవి, భూసేకరణ ఖర్చు మాత్రం చిన్నది కాదు. లేఅవుట్ గీసేనాడు ఒక పెన్సిలు గీతతో పోయేదానికి, ఇరవయ్యేళ్ళ తరువాత కోర్టులూ నష్టపరిహారాలూ.

గేటు వెనక ఉండేవాళ్ళను నేను నిందించను. పిల్లలు వీధిలో ఆడుకోవాలి, కుర్రాళ్ళు బైకులతో దూసుకుపోకూడదు, రాత్రి నిశ్శబ్దంగా ఉండాలి. ఇవి న్యాయమైన కోరికలే. గళ్ళ పేటలో అడ్డదారి వెతుక్కునే ప్రతి ఆటో మన గుమ్మం ముందు నుంచే పోతుందన్నదీ నిజమే. దీనికి జవాబు రాడ్‌బర్న్‌లో వదిలేసిన సగంలో ఉంది. కారును ఆపండి, మనిషిని ఆపకండి. బార్సిలోనాలో ఇల్డెఫోన్స్ సెర్దా 1859లో గీసిన గళ్ళున్నాయి. అక్కడ 2016లో పోబ్లెనౌ పేటలో తొమ్మిది గళ్ళను ఒక్కటిగా చేసి, దూసుకుపోయే కార్లను చుట్టూ తిప్పారు. నడిచేవాళ్ళకూ సైకిళ్ళకూ అన్ని వీధులూ తెరిచే ఉన్నాయి. మన కాలనీలు చేసేది దీనికి పూర్తిగా తలకిందులు. వెనక గోడలో మనిషి పట్టేంత తలుపు పెట్టమంటే దొంగలంటారు, ముందు గేటులోంచి మాత్రం రోజంతా డెలివరీ బైకులు వస్తూనే ఉంటాయి.

అమరావతి గురించి చెప్పకపోతే మీరు ఊరుకోరు. 29 గ్రామాల పొలాలను కలిపి, 217 చదరపు కిలోమీటర్ల మేర ముందు రోడ్ల గడి గీసి, తరువాత రైతులకు ప్లాట్లు తిరిగివ్వడం అన్నది గట్టు సమస్యకు సూటి జవాబు. గట్టే చెరిపేశారు కదా. రాజకీయాలు పక్కన పెడితే ఆ పద్ధతి మంచిదే. నా అనుమానం మరొకటి. చండీగఢ్‌లో కూడా పైనుంచి చూస్తే గళ్ళే, ఒక్కో సెక్టారు 800 మీటర్లు, 1,200 మీటర్లు. కానీ ఇళ్ళు పెద్ద రోడ్డుకు వీపు పెట్టి కూర్చున్నాయి, ఒక సెక్టారు నుంచి ఇంకో సెక్టారుకు నడక అంత సులువు కాదు. పెద్ద రోడ్లు గళ్ళుగా ఉంటే సరిపోదు, గడి లోపలి చిన్న వీధి పక్క గడిలోకి పోతుందా లేదా అన్నది చూడాలి. అమరావతిలో ఆ చిన్న వీధులు ఎలా వస్తాయో, వాటికి గేట్లు ఎవరు పెడతారో ఇప్పుడే కనిపెట్టి ఉండాలి.

మిగతా ఊళ్ళలో చాలాచోట్ల ఇలాంటి భూసమీకరణ జరగదు. అక్కడ పదెకరాలాయన పదెకరాలకే గీస్తాడు. ఆయన రోడ్డును గట్టు దాటించడానికి ఎంత ఖర్చవుతుందో మాస్టారి పద్ధతిలో లెక్క వేద్దాం. గోడ వెంబడి వరసగా 30 అడుగుల ముఖం, 60 అడుగుల లోతు ఉన్న ప్లాట్లు ఉంటాయి. 30 అడుగుల రోడ్డును గోడదాకా పొడిగించాలంటే వాటిలో ఒక్కటి తీసేయాలి. అంటే 1,800 చదరపు అడుగులు, సరిగ్గా 200 గజాలు. పదెకరాల్లో రోడ్లూ ఖాళీస్థలమూ పోను ఇలాంటి ప్లాట్లు సుమారు 130 వస్తాయి. 130లో ఒకటి. పక్క వెంచరాయన కూడా ఒకటి వదలాలి. అనుమతి ఇచ్చే అధికారి చేయాల్సిందల్లా కొత్త పటం పక్కన చుట్టూ ఉన్న సర్వే నంబర్ల పటాన్ని పెట్టుకుని, రెండు రోడ్లు ఎదురెదురుగా వచ్చేలా చూడటం, డొంక ఉంటే దాని హద్దులు నేల మీద తేల్చడం. వదిలిన ప్లాటుకు బదులు ఖాళీస్థలం లెక్కలో కొంత సర్దవచ్చు, టీడీఆర్, అంటే వేరేచోట అదనంగా కట్టుకునే హక్కు, ఇవ్వవచ్చు.

ఈ మాట అంటే రియల్ ఎస్టేటువాళ్ళు, గజం ధర ఎంతో తెలుసా అండీ అని నన్ను అడుగుతారు. తెలుసు. ఏ ప్లాటు వదలాలో కూడా తెలుసు. రోడ్డు వచ్చి ఆగేచోట, దానికి సూటిగా ఎదురుగా ఉన్న ప్లాటు. దానికి వీధిపోటు ఉంటుంది. ఈశాన్యం పోటయితే పరవాలేదు మంచిదంటారు గానీ, నైరుతి పోటయితే బ్రోకరు దాన్ని పటంలో వేలు పెట్టి చూపించకుండా దాటేస్తాడు, వెంచరంతా అయిపోయాక ధర తగ్గించి అమ్ముతాడు. రోడ్డు దానిలోంచి పోతే అక్కడ ప్లాటూ ఉండదు, పోటూ ఉండదు.